ప్రయోగశాలలో గ్యాస్ బర్నర్ మంట గొట్టంలోకి దిగిపోయింది: ఎక్కడ తప్పు జరిగింది?

ప్రశ్న
రాసినవారు: దేవరకొండ సైన్సు సారు

అందరికీ నమస్కారం. నేను దేవరకొండ డివిజన్‌లోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు భౌతిక రసాయన శాస్త్రం చెబుతున్నాను. మా బడిలో ప్రయోగశాల అనే బోర్డు ఉన్న గది ఒకటి మొదటినుంచీ ఉన్నప్పటికీ, నేను వచ్చేనాటికి అందులో విరిగిన బెంచీలు, పంచగా మిగిలిన పాఠ్యపుస్తకాల కట్టలు, ఎవరిదో తెలియని ఒక సైకిలు తప్ప ప్రయోగానికి పనికివచ్చేదేదీ లేదు. నిరుటి దసరా సెలవుల్లో పిల్లల తండ్రులు ఇద్దరు ముగ్గురు సాయం పడితే గదిని ఖాళీ చేయించి, సున్నం వేయించి, కిటికీలు తెరుచుకునేలా బాగుచేయించాను. ఆ సందట్లో అలమర అడుగు అరలో పాత వార్తాపత్రికల్లో చుట్టిపెట్టిన ఇత్తడి బున్‌సెన్ బర్నర్లు ఆరు బయటపడ్డాయి.

ఇంతకాలం మా దగ్గర వేడిచేయడమంటే సారాదీపమే. లెడ్ నైట్రేట్‌ను టెస్ట్ ట్యూబులో వేసి సారాదీపం మీద పట్టుకుంటే, గోధుమరంగు వాయువు కనిపించేసరికి సగం పీరియడ్ గడిచిపోతుంది, వెనుక బెంచీల పిల్లలు అప్పటికే కిటికీలోంచి గ్రౌండు చూస్తుంటారు. అందుకని ఈ బర్నర్లను వాడకంలోకి తేవాలనిపించింది. పిల్లల ముందుకు తీసుకుపోకముందే ఒక శనివారం సాయంత్రం, బడి విడిచిన తర్వాత, మధ్యాహ్న భోజనం వంటగదిలోని గ్యాస్ బండను అడిగి తెచ్చుకుని, బజారులో కొన్న మామూలు రబ్బరు ట్యూబు తగిలించి పరీక్షించాను.

మొదటి బర్నర్ వెలిగింది గానీ, కింద ఉన్న గాలి రంధ్రాన్ని పూర్తిగా తెరిచినా మంట పసుపుగానే ఊగుతూ బీకరు అడుగంతా మసి చేసింది. దాన్ని ఆర్పి రెండోది తగిలించాను. ఈసారి గాలి రంధ్రం ముందే తెరిచి ఉంది, గ్యాస్ ఎక్కువ వస్తుందేమోనన్న భయంతో రెగ్యులేటర్‌ను కొద్దిగానే తిప్పాను. అగ్గిపుల్ల దగ్గరికి తీసుకుపోగానే వెలిగింది, రెండు మూడు క్షణాల్లో "టప్" మని చప్పుడై మంట మాయమైంది. ఆరిపోయిందనుకుని మరో పుల్ల గీసి మళ్లీ పైన పెట్టాను. వెలగలేదు. కానీ లోపలినుంచి సన్నగా ఈల వేసినట్టు ఒక శబ్దం వస్తూనే ఉంది, గాలి రంధ్రంలోంచి చూస్తే అడుగున ఆకుపచ్చ ఛాయలో ఏదో మెరుస్తోంది. గాలి రంధ్రం మూద్దామని దాని చుట్టూ తిరిగే పట్టీని, అంటే కాలరును, పట్టుకుంటే రెండు వేళ్లు చురుక్కుమన్నాయి. అప్పటికే రబ్బరు కాలిన వాసన మొదలైంది. పాత్రలు కడుగుతున్న వంట అక్క ఆ వాసనకు లోపలికి వచ్చి, "ముందుగాల బండ బంద్ చెయ్యిండ్రి సారూ" అంటూ తానే రెగ్యులేటర్ తిప్పేసింది. తర్వాత చూస్తే బర్నర్‌కు తగిలించిన చోట ట్యూబు మెత్తబడి, వేలితో నొక్కితే గుంట పడుతోంది.

వేళ్ల మంట రెండు రోజుల్లో పోయింది గానీ మనసులో బెరుకు పోలేదు. ఆ సమయంలో బల్ల చుట్టూ పదో తరగతి పిల్లలు 42 మంది ఉండి ఉంటే ఏమయ్యేది అని ఆలోచిస్తున్నాను. మంట లోపలికి ఎందుకు పోయింది, ఒకే గ్యాస్‌కు రెండు బర్నర్లు రెండు విధాలుగా ఎందుకు ప్రవర్తించాయి, వంటగది సిలిండర్ వాడడం సరైనదేనా, అసలు ఈ ప్రయత్నం మానుకోవడమే మంచిదా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ప్రార్థన.

జవాబు 1
రాసినవారు: పాలమూరు పాత ల్యాబ్ అసిస్టెంట్

సార్, నమస్కారం. మహబూబ్‌నగర్‌లో ఒక డిగ్రీ కళాశాల రసాయన శాస్త్ర విభాగంలో ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మీ వంట అక్క మీకన్నా ముందు సరైన పని చేసింది, ఆ మాట నిస్సంకోచంగా చెప్పాలి. మీ రెండు బర్నర్లకు పట్టినవి రెండు వేర్వేరు రోగాలు కనుక విడివిడిగా చూద్దాం.

బర్నర్ అడుగున సన్నని రంధ్రం ఉన్న ఒక ముక్కు ఉంటుంది, దాన్నే జెట్ అంటాం. అందులోంచి గ్యాస్ వేగంగా పైకి చిమ్ముతూ, పక్కనున్న రంధ్రంలోంచి గాలిని తనతోపాటు లాక్కుపోతుంది. ఆ రెండూ గొట్టంలో కలిసి, పై అంచు దగ్గర మండుతాయి. మంటకు కూడా ఒక వేగం ఉంటుందని మనం పాఠంలో చెప్పం గానీ, అసలు కిటుకు అక్కడే ఉంది. గ్యాస్, గాలి కలిసిన మిశ్రమం పైకి వస్తుంటే మంట దానికి ఎదురీదుతూ కిందికి రావాలని చూస్తుంది. పైకి వచ్చే వేగం ఎక్కువగా ఉన్నంతసేపు మంట అంచు మీదే నిలుస్తుంది. మీరు గాలి పూర్తిగా తెరిచి, గ్యాస్‌ను పిసరంత వదిలారు కనుక మిశ్రమం నెమ్మదిగా వచ్చింది, గాలి దండిగా ఉండడంతో మంట చురుకుగా ఉంది, అది గొట్టంలోపలికి నడిచి వెళ్లి జెట్ మీద కూర్చుంది. మీరు విన్న ఈల అదే. ఇత్తడి గొట్టం కింది నుంచి కాలుతుంది కాబట్టే కాలరు మీ వేళ్లను కాల్చింది. రబ్బరు ట్యూబు తగిలే ముక్కు అక్కడికి రెండంగుళాల దూరమైనా ఉండదు, ఇంకొంతసేపు అలాగే వదిలేస్తే ట్యూబు కరిగి ఊడిపోయేది, అప్పుడు మంట బల్ల మీదికి వచ్చేది.

ఇలా జరిగినప్పుడు బర్నర్‌ను ముట్టుకోకూడదు, ఊదకూడదు, పైన మరో పుల్ల పెట్టకూడదు. గ్యాస్ నల్లా కట్టేయాలి. పది నిమిషాలు చల్లారనిచ్చి, ట్యూబు కొసను చూసి, మెత్తబడి ఉంటే ఆ ట్యూబును పారేసి, కాలరు మూసిన తర్వాతే మళ్లీ వెలిగించాలి.

ఆ రెండో బర్నర్ విషయంలో నాకు మరో అనుమానం కూడా ఉంది. మన ప్రాంతంలో మూలన పడేసిన ఏ గొట్టాన్నయినా కుమ్మరి పురుగు వదలదు, మట్టి తెచ్చి గూడు కడుతుంది. సాలీడు కూడా అంతే. జెట్ సగం పూడుకుపోతే నల్లా పూర్తిగా తిప్పినా గ్యాస్ చాలినంత రాదు, మంట కిందికి దిగుతుంది. గొట్టాన్ని మర విప్పి తీసి, జెట్‌ను వెలుతురుకు అడ్డంగా పెట్టి చూడండి, గుండ్రని చుక్క స్పష్టంగా కనిపించాలి. గుండుసూదితో మాత్రం పొడవవద్దు, ఇత్తడి మెత్తని లోహం, రంధ్రం పెద్దదైతే మీ మొదటి బర్నర్‌కు వచ్చిన జబ్బే దీనికీ వస్తుంది.

ఇక ఆ మొదటి జబ్బు. జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో బున్‌సెన్ ఈ బర్నర్‌ను 1855లో అక్కడి పరికరాల నిపుణుడు డెసాగా చేత తయారు చేయించినప్పుడు, వాళ్లకు అందుబాటులో ఉన్నది వీధి దీపాలకు ఇచ్చే బొగ్గు గ్యాస్. మన బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ఒక లీటరు ప్రొపేన్ వాయువు పూర్తిగా మండాలంటే దాదాపు 24 లీటర్ల గాలి కావాలి, బ్యూటేన్‌కు 31 లీటర్ల వరకు కావాలి. అదే మీథేన్‌కైతే పది లీటర్లు చాలు, బొగ్గు గ్యాస్‌కు అంతకన్నా తక్కువే సరిపోతుంది. అందుచేత ఎల్పీజీ బర్నర్‌కు జెట్ రంధ్రం చాలా చిన్నదిగా ఉండాలి. వేరే గ్యాస్‌కు చేసిన పెద్ద జెట్‌లో ఎల్పీజీ వదిలితే, గాలి రంధ్రం ఎంత తెరిచినా ఆ గాలి చాలదు, మంట పసుపుగానే ఉండి మసి కక్కుతుంది, మూసి ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. మీ ఆరు బర్నర్లను అలమరలో అలంకారానికి ఉంచండి. ఎల్పీజీకి అని అడిగి కొత్తవి ఒకటో రెండో కొనండి, జెట్‌కు టాంకా పెట్టి రంధ్రం తగ్గించే ప్రయత్నాలు చేయవద్దు.

వెలిగించే వరస పిల్లలకు చూపించేటప్పుడు నేను చేతులతోపాటు నోటితో కూడా చెప్పేవాణ్ని. ముందు కాలరు మూసి ఉందో లేదో వేలితో తడిమి చూడాలి. తర్వాత పుల్ల గీయాలి. పుల్ల వెలిగిన తర్వాతే నల్లా తిప్పాలి, ముందు నల్లా తిప్పి అగ్గిపెట్టె కోసం వెతుక్కునేవాడి కనుబొమ్మలు మిగలవు. పుల్లను గొట్టానికి నెత్తిన కాకుండా పక్కనుంచి, అంచుకు కొంచెం పైన పెట్టాలి, తల వెనక్కి ఉండాలి. పసుపు మంట నిలకడగా నిలిచిన తర్వాత కాలరు కొద్దికొద్దిగా తెరిస్తే మంట నీలంగా మారి, లోపల మరో చిన్న నీలి శంకువు ఏర్పడుతుంది. ఆ శంకువు కొనకు కాస్త పైన అన్నిటికన్నా ఎక్కువ వేడి. శంకువు లోపల ఇంకా మండని గ్యాసే ఉంటుంది, అందుకే ఒక అగ్గిపుల్లను గుండుసూదికి గుచ్చి గొట్టం మధ్యలో తల పైకి ఉండేలా వేలాడదీసి, బర్నర్ వెలిగిస్తే, చుట్టూ మంట ఉన్నా ఆ పుల్ల తల చాలాసేపు అంటుకోదు. ఇది నేను వందల సార్లు చూపించి ఉంటాను, ఒక్కసారి కూడా పిల్లలు నోరు తెరవకుండా ఉండలేదు.

వేడిచేయడం ఆగిన ప్రతిసారీ కాలరు మూసి పసుపు మంటకు తేవాలి. నీలి మంట, అందులోనూ కిటికీ ఎండ పడే బల్ల మీద, కంటికి ఆనదు, పిల్లలు దాని మీదుగా చేయి చాపి నోటుపుస్తకం తీసుకుంటారు. నా చూపులో గ్యాస్ ప్రయోగశాలలో జరిగే ప్రమాదాల్లో పేలుళ్లకన్నా ఇలా కనబడని మంటా, కాలినట్టు కనబడని గాజూ చేసేవే ఎక్కువ. కాలిన గాజుకూ చల్లని గాజుకూ చూడడానికి తేడా ఉండదు, స్టాండు కూడా అంతే. పట్టుకునే ముందు అరచేతి వెనుక భాగాన్ని కొంచెం దూరంలో ఉంచి వేడి తెలుసుకోమని చెప్పండి.

ఇంకొక్క మాట. ఆ అలమరలోనే మధ్యలో తెల్లని బిళ్ల ఉన్న తీగ జాలీలు కూడా దొరికి ఉంటే, ఆ తెల్లనిది ఆస్‌బెస్టాస్ కావచ్చు. పొట్టు రాలుతుంటే గీకవద్దు, దులపవద్దు, తడిపి సంచిలో కట్టి పక్కన పెట్టించండి. ఇప్పుడు సిరామిక్ మధ్యభాగం ఉన్న జాలీలు వస్తున్నాయి.

జవాబు 2
రాసినవారు: మిర్యాలగూడ గ్యాస్ మెకానిక్

నమస్తే సార్. నేను సైన్సు చదివినవాణ్ని కాను, మిర్యాలగూడ చుట్టుపక్కల ఇరవై ఏళ్లుగా గ్యాస్ పొయ్యిలు, రెగ్యులేటర్లు బాగుచేస్తున్నాను. పెద్దాయన బర్నర్ సంగతి చెప్పారు, నేను బండ నుంచి బర్నర్ దాకా ఉన్న దారి గురించి చెబుతాను.

వంటగది బండను అటూ ఇటూ మోసుకుపోవడం మానేయండి. ఇళ్లకు ఇచ్చే 14.2 కిలోల బండ ఇంటి వాడకానికి మాత్రమే, బడి పేరుతో గృహేతర కనెక్షన్ తీసుకోవాలి. 19 కిలోలది పెద్దదనుకుంటే చిన్న బండలు కూడా దొరుకుతాయి. రెగ్యులేటర్ విషయంలో జాగ్రత్త పడండి. హోటళ్ల భట్టీలకు తగిలించే, మర తిప్పి ఒత్తిడి పెంచుకునే రెగ్యులేటర్‌ను బర్నర్‌కు పెడితే మంట గొట్టం మీద నిలవక ఎగిరిపోతుంది. ఇళ్లలో వాడే తక్కువ ఒత్తిడి రెగ్యులేటరే మీ బర్నర్‌కు సరిపోతుంది. ఇంకో సంగతి, రెగ్యులేటర్‌కు ఉండే మీట తెరవడానికీ కట్టేయడానికీ మాత్రమే. మంట తగ్గించుకోవడానికి దాన్ని సగం తిప్పకూడదు, మీరు ఆ రోజు చేసింది అదే. బల్ల దగ్గర వేరుగా ఒక ఇత్తడి నల్లా ఉండాలి.

ట్యూబు అంటే బజారులో గజాల లెక్కన కోసి ఇచ్చేది కాదు. లోపల సన్నని ఉక్కు తీగ అల్లిన నారింజ రంగు సురక్షా ట్యూబు ఐఎస్‌ఐ గుర్తుతో వస్తుంది, ఒకటిన్నర మీటరుకు మించి పొడవు పెట్టకూడదు, పగుళ్లు లేకపోయినా ఐదేళ్లకు మార్చాలి. రెండు కొసలకూ క్లిప్పు బిగించాలి. బర్నర్ ముక్కు ఆ ట్యూబుకు సన్నగా ఉందని గుడ్డపీలికలు చుట్టి తొడిగిన బడిని నేను నా కళ్లతో చూశాను.

బండ వచ్చిన రోజున మూత తీసి లోపలికి చూడండి. వాల్వ్ మధ్యలో నల్లని సన్నటి రబ్బరు వాషర్ ఉండాలి, అది లేకపోయినా, చిట్లినా, రెగ్యులేటర్ ఎంత గట్టిగా కూర్చున్నా గ్యాస్ కారుతుంది. పైన పట్టీల లోపలి వైపు ఒక అక్షరం, రెండు అంకెలు రాసి ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, సీ అంటే సెప్టెంబర్ దాకా, డీ అంటే డిసెంబర్ దాకా. బీ-28 అని ఉంటే 2028 జూన్‌లోపు ఆ బండను పరీక్షకు పంపాలన్నమాట. గడువు దాటినది ఇస్తే తీసుకోకండి.

బిగించిన తర్వాత సబ్బు నీళ్లు నురగ తీసి ప్రతి అతుకు మీదా రాయండి. బుడగ లేస్తే కారుతున్నట్టే. అగ్గిపుల్లతో చూడడం అనే పని ఎవరు చేసినా చేయి పట్టుకుని ఆపండి. ఈ గ్యాస్ గాలికన్నా బరువైనది, ప్రొపేన్ ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు. కారినది పైకి పోదు, నేలబారున పాకి గుంటల్లో, మోరీల్లో, మీ ప్రయోగశాల తొట్టి కింది గొట్టంలో నిలుస్తుంది. అందుకే పైన వెంటిలేటర్ ఉందని ధీమాగా ఉండవద్దు, కింద తలుపు తెరిచి ఉండాలి. బండను గది బయట, మోరీకి దూరంగా, ఎండ పడని చోట, నేలమట్టంగా నిలబెట్టి, తాళం వేసే జాలీ గూట్లో పెట్టించండి. గది లోపలికి పైపు లైను ఏజెన్సీ మనిషి చేతనే వేయించండి.

వాసన వస్తే బండ బంద్ చేయడం, తలుపులు తెరవడం, పిల్లల్ని బయటికి పంపడం, అంతే. ఫ్యాను వేయవద్దు, వేసి ఉంటే ఆపవద్దు, ఏ స్విచ్చు ముట్టుకోవద్దు, గది బయటికి వచ్చాకే ఫోను తీసి 1906కు చేయండి. అది ఎల్పీజీ లీకేజీ కోసమే ఉన్న నంబరు. మంటలంటే 101.

జవాబు 3
రాసినవారు: నాగర్‌కర్నూల్ జీవశాస్త్రం

సార్, నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో బాలికల గురుకులంలో జీవశాస్త్రం చెబుతాను. పై ఇద్దరూ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజమే అయినా, 42 మంది పిల్లలున్న గదికి గ్యాస్ తేవడం అవసరమా అన్న మీ చివరి ప్రశ్నకు ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు. నా అభిప్రాయంలో పిల్లల బల్లలకు వద్దు, మీ బల్లకు ఒక్కటి చాలు.

మా పిల్లలకు రెండు జడలు, వాటికి రిబ్బన్లు, భుజాల మీద చున్నీ, శుక్రవారమైతే తలలో పూలు. యూనిఫాం బట్టలో పాలిస్టర్ ఎక్కువ. నూలు బట్ట అంటుకుంటే మండుతుంది, పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది, ఆ గాయం లోతుగా ఉంటుంది. కాబట్టి ప్రయోగం రోజున చున్నీని నడుముకు చుట్టి ముడి వేయడం, జడలను వెనక్కి తీసి కట్టడం, పైన నూలు ఆప్రాన్ వేసుకోవడం అయ్యేదాకా నేను అగ్గిపెట్టె అలమరలోంచి తీయను. కళ్లద్దాలు చాలినన్ని లేకపోతే, మంట దగ్గర నిలబడే ఇద్దరికైనా ఉండాలి.

రెండేళ్ల కింద నా తరగతిలోనే జరిగిన విషయం చెబుతాను. ఆకులో పిండిపదార్థం పరీక్షకు ఆకును స్పిరిట్‌లో ఉడికించాలి కదా. వేడినీళ్ల బీకరులో స్పిరిట్ ఉన్న టెస్ట్ ట్యూబు పెట్టి, కింద మంటను అలాగే ఉంచాను, తప్పు నాదే. స్పిరిట్ 78 డిగ్రీలకే మరుగుతుంది, ఆ ఆవిరి బీకరు అంచు దాటి కిందికి దిగి మంటను అందుకుంది. ఒక్కసారిగా ట్యూబు మూతి మీద వెలుగు లేచింది. పిల్లలు వెనక్కి తోసుకున్నారు, ఒక స్టూలు పడింది. అదృష్టవశాత్తు పక్కన మధ్యాహ్నం తిన్న స్టీలు కంచం ఉంటే దాన్ని బోర్లించాను, గాలి అందక ఆరిపోయింది. అప్పటినుంచి నీళ్లను వేరే గదిలో మరగబెట్టి తెచ్చి, గదిలో ఎక్కడా మంట లేకుండానే ఆ పరీక్ష చేస్తున్నాను. ఆకు రంగు కాస్త ఆలస్యంగా దిగుతుంది, దిగనీయండి.

మా ప్రయోగశాలలో ఇసుక బకెట్టు, మంటలార్పే సిలిండరుతోపాటు ఒక గొంగడి కూడా గోడకు వేలాడుతుంది. మన పాలమూరు నల్ల గొర్రెల ఉన్నితో నేసినది. ఉన్నికి మంట తొందరగా అంటుకోదు, బట్టలంటుకున్న పిల్లను నేల మీద పడుకోబెట్టి దానితో చుట్టేయవచ్చు. కాలిన చోట 20 నిమిషాలపాటు పారే చల్లని నీళ్ల కింద ఉంచాలి. మంచు గడ్డ, పసుపు, సిరా, టూత్‌పేస్టు ఏవీ రాయకూడదు, ఈ మాట మా హాస్టల్ ఆయమ్మలకు నేను ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను. పొక్కులు పెద్దవైతే, ముఖానికో కంటికో తగిలితే వెంటనే 108.

పాత ల్యాబ్ అసిస్టెంట్ గారూ, పిల్లలకు సారాదీపమే మేలని నా వాదన. మీరేమంటారో తెలుసుకోవాలని ఉంది.

జవాబు 4
రాసినవారు: పాలమూరు పాత ల్యాబ్ అసిస్టెంట్

మేడం గారూ, ఉపాధ్యాయుని బల్లకు ఒక్క బర్నర్ అన్న మీ మాటతో ఏకీభవిస్తున్నాను గానీ సారాదీపం మేలు అన్న మాటతో ఏకీభవించలేను. గ్యాస్ నల్లా కడితే మంట ఆగిపోతుంది. సారాదీపం తిరగబడితే మంట ద్రవంతోపాటు బల్ల మీదుగా పారి ఒళ్లోకి వస్తుంది, పైగా వెలుతురులో స్పిరిట్ మంట సరిగా కనిపించదు కూడా. వెలుగుతున్న దీపంలో స్పిరిట్ పోయడం, ఒక దీపాన్ని వంచి మరో దీపాన్ని వెలిగించడం, నోటితో ఊది ఆర్పడం, ఈ మూడూ పిల్లలు చూసీ చూడకుండా చేసేసే పనులు. సారాదీపాలు వాడేటట్లయితే మూడింట రెండు వంతులకు మించి నింపకుండా, తరగతికి ముందే మీరే నింపి, స్పిరిట్ డబ్బాను ఆ గదిలో లేకుండా చేయండి. ఆ స్పిరిట్‌లో మిథనాల్ కలిపి ఉంటుంది, తాగితే విషం, డబ్బా మీద ఆ మాట పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. ఆర్పడానికి మూత పెట్టాలి. నీళ్లు వేడిచేయడం వరకే అయితే కరెంటు హాట్ ప్లేటు అన్నిటికన్నా నయం.

టెస్ట్ ట్యూబు వేడిచేసేటప్పుడు అందులో మూడో వంతుకు మించి ద్రవం ఉండకూడదని, దాన్ని వంచి పట్టుకుని కదుపుతూ ఉండాలని అందరూ చెబుతారు. దాని మూతి ఎవరి వైపు ఉందో మాత్రం చూడరు. ఎదురు బల్ల పిల్లవాడి వైపు కాకుండా గోడ వైపు ఉండాలి.

ప్రశ్న అడిగినవారి స్పందన
రాసినవారు: దేవరకొండ సైన్సు సారు

పెద్దలందరికీ కృతజ్ఞతలు. పాత బర్నర్లను మర విప్పి చూశాను. రెండోదాని జెట్‌లో నిజంగానే ఎండిన మట్టి ఉంది, మొదటిదాని రంధ్రం మా ఇంటి పొయ్యి జెట్‌తో పోలిస్తే ఎంతో పెద్దదిగా కనిపించింది. ఆ ఆరింటినీ పక్కన పెట్టి, ఎల్పీజీకి పనికివచ్చే బర్నర్ ఒకటి, దాంతోపాటు నల్లా, సురక్షా ట్యూబు కొనడానికి ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకున్నాను. బడి పేరుతో కనెక్షన్‌కు దరఖాస్తు ఇచ్చాం. బండ గూడు ఉత్తరం గోడకు ఆనించి కట్టిస్తున్నాం, అక్కడ నీడ ఉంటుంది, మోరీ లేదు. వంట అక్కను ఒక రోజు తరగతికి పిలిచి, సబ్బు నీళ్ల పరీక్ష పిల్లలకు ఆమె చేతనే చేయించాలని ఉంది.

ఒక్క సందేహం మిగిలింది. ఫ్యాను తిరుగుతుంటే మంట ఊగి పక్కకు వాలుతోంది. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మా రేకుల గదిలో ఫ్యాను లేకుండా పిల్లల్ని కూర్చోబెట్టడం కష్టం.

జవాబు 5
రాసినవారు: పాలమూరు పాత ల్యాబ్ అసిస్టెంట్

మంట ఉన్నంతసేపు ఫ్యాను వద్దు సార్. చున్నీ కొస, కాగితం ఎగిరి వచ్చేది ఆ గాలికే, నీలి మంట ఆరిపోయి గ్యాస్ ఊరికే వదులుకుపోయేదీ ఆ గాలికే. తలుపు, కిటికీలు తెరిచి ఉంచండి. వేడిచేసే ప్రయోగాలను ఎనిమిది గంటల మొదటి పీరియడ్‌కే మార్చుకుని, పది నిమిషాల్లో ముగించి, బండ దగ్గర కట్టేశాక ఫ్యాను వేసుకుని లెక్కలూ సమీకరణాలూ చెప్పుకోండి. టైం టేబులు మార్చడానికి తెలుగు సారు ఒప్పుకోకపోతే, ఎండాకాలం వచ్చేలోపే, డిసెంబరు, జనవరిల్లోనే ఆ పాఠాల ప్రయోగాలు చేసేయండి.